శతాధిపతి సాక్ష్యం

గుడ్ ఫ్రైడే నాడు ఏ తెలుగు చర్చిలో కూర్చున్నా ఒక పాత్ర తప్పకుండా వస్తుంది. శతాధిపతి. రోమన్ సైన్యంలో నూరుమంది మీద అధికారి. పేరు లేదు, ఊరు లేదు, ముందు కథ లేదు, తర్వాత కథ లేదు. సిలువ మీద ఒక మనిషి ప్రాణం పోవడం దగ్గర నుంచి చూశాడు. చూసి, ఈయన నిజంగా దేవుని కుమారుడే అన్నాడు. ఆయనకు దక్కింది ఆ ఒక్క మాట. దాని మీద శతాబ్దాలుగా ప్రసంగాలు నడుస్తున్నాయి.

ఈ ప్రసంగం నేను చాలా ఊళ్లలో విన్నాను. కొంటాలో కూడా విన్నాను. కొంటా ఎక్కడుందో తెలియనివారి కోసం: ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా దక్షిణపు కొసన, శబరి ఒడ్డున ఉన్న ఊరు. రోడ్డు పట్టుకుని కిందికి వస్తే చింతూరు, ఏరు దాటితే ఒడిశా. బజారులో తెలుగు, సంతలో కోయ, దోర్ల మాటలు, సర్కారీ కాగితం మీద హిందీ. అక్కడ ప్రసంగం తెలుగులోనే సాగింది. సారాంశం ఇది: "శతాధిపతి కఠినుడు. వందల చావులు చూసినవాడు. అలాంటి రాతి గుండె కూడా క్రీస్తు శ్రమను చూసి కరిగింది. శ్రమను చూసినవాడికి విశ్వాసం పుడుతుంది. మీరు కూడా ఎంతో శ్రమను చూశారు కదా!"

ఆ చివరి వాక్యం దగ్గరే నా పేచీ. కొంటా జనం శ్రమను చూశారు, నిజమే. ఈ దేశంలో వాళ్లంత చూసినవాళ్లు తక్కువ. అయితే చూసిన బాధ దేనికి రుజువు? ఎవరి బాధ్యతకు రుజువు? ఈ ప్రశ్నలు అడగకుండా నేరుగా మోకాళ్ల మీదికి తీసుకెళ్లే ప్రసంగం ఆ జనానికి మేలు చేయదని నా వాదన. ముందు గ్రంథం దగ్గర మొదలుపెట్టి, తర్వాత కొంటాకు వద్దాం.

శతాధిపతి చూసిందేమిటి?

గ్రంథాన్ని గౌరవించే పద్ధతి దాన్ని జాగ్రత్తగా చదవడమే. నాలుగు సువార్తలను పక్కపక్కన పెట్టి చూడండి.

మార్కు ప్రకారం ఆయన ప్రాణం విడిచిన తీరు చూసి శతాధిపతి ఆ మాట అన్నాడు. కొన్ని ప్రాచీన ప్రతుల్లో కేక వేసి ప్రాణం విడిచాడని ఉంది, కొన్నిటిలో ఆ కేక లేదు. మత్తయి దగ్గరికి వచ్చేసరికి కారణం మారిపోయింది. అక్కడ భూకంపం వచ్చింది, బండలు బద్దలయ్యాయి, సమాధులు తెరుచుకున్నాయి. శతాధిపతీ ఆయనతో ఉన్నవాళ్లూ భూకంపం చూసి, భయపడి ఆ మాట అన్నారు. లూకా దగ్గర మాటే మారిపోయింది. అక్కడ శతాధిపతి దేవుని కుమారుడు అనలేదు. ఈ మనిషి నీతిమంతుడు, అంటే నిర్దోషి అన్నాడు. యోహాను సువార్తలో శతాధిపతి మాటే లేదు. ఒక సైనికుడు ఈటెతో పక్కలో పొడవడం మాత్రం ఉంది.

ఒకే సంఘటనకు నాలుగు కథనాలు. ఒకదానిలో చావు తీరు, ఒకదానిలో భూకంపం, ఒకదానిలో తీర్పు, ఒకదానిలో అసలు సాక్షే లేడు. ఏ మేజిస్ట్రేటు ముందైనా ఇలాంటి వాంగ్మూలాలు నాలుగు పెడితే ఏమవుతుందో న్యాయవాదులు చెప్పాలి.

భూకంపం రుజువైతే 1993లో కిల్లారిలో, 2001లో భుజ్‌లో వచ్చినవి ఎవరి దైవత్వానికి రుజువులు? ఇక దేవాలయపు తెర చిరిగిందన్న మాట మూడు సువార్తల్లోనూ ఉంది. ఊరి బయట సిలువ దగ్గర నిలబడ్డ విదేశీ సైనికుడికి గుడి లోపలి తెర కనబడే అవకాశం లేదు. ఆ తెర పాఠకుడి కోసం చిరిగింది.

ఇంకొక మాట. మార్కు రాసిన కాలంలో "దేవుని కుమారుడు" అన్న బిరుదు రోమన్ సైనికుడికి కొత్త కాదు. అది చక్రవర్తి బిరుదు. దైవమైన ఆగస్టస్ కుమారుడు టిబేరియస్ అని నాణేల మీదే అచ్చు వేశారు. జీతంగా అందుకున్న నాణెం మీద రోజూ కనబడే మాటను సైనికుడు ఒక శవం ముందు అన్నాడంటే అది భక్తా, వెక్కిరింతా, రచయిత చమత్కారమా? వెక్కిరింతగా కూడా చదవవచ్చని బైబిలు పండితుల్లోనే కొందరు అన్నారు. చర్చిలో ఆ సంగతి చెప్పరు.

ఖాళీ జాగాలో మొలిచిన కథ

పేరు లేని మనిషికి పేరు పెట్టడం కథకుల పని. రెండో శతాబ్దపు పేతురు సువార్త సమాధికి కాపలా ఉన్న శతాధిపతికి పెట్రోనియస్ అని పేరు పెట్టింది. పిలాతు చర్యలు అన్న తర్వాతి గ్రంథంలో ఈటెతో పొడిచినవాడు లాంగినస్ అయ్యాడు. గ్రీకులో ఈటెను లాంఖే అంటారు. అంటే ఆయన పేరు "ఈటెవాడు" అన్నమాట! ఆయుధానికి పేరు పెట్టి మనిషి అన్నారు. 586 నాటి సిరియా చిత్రాల సువార్తలో ఈటె పట్టుకున్న సైనికుడి నెత్తిన ఆ పేరు రాసి ఉంది. తర్వాత సైనికుడూ శతాధిపతీ కలిసి ఒక్కడయ్యారు. 13వ శతాబ్దానికి ఆయనకు చూపు మందగించిందనీ, ఈటె మీదుగా కారిన రక్తం కంటికి తగిలి చూపు వచ్చిందనీ, ఆయన సన్యాసి అయి హతసాక్షిగా చనిపోయాడనీ కథ పూర్తయింది. 1638లో వాటికన్‌లో బెర్నీనీ చెక్కిన నిలువెత్తు విగ్రహం కూడా వచ్చింది. గోరంతలు కొండంతలు కావడమంటే ఇదే.

ఇదంతా అమాయకపు అల్లిక అయితే నేను ఇంత రాయను. ఆ ఈటె మనుషుల్ని చంపించింది. 1098లో మొదటి క్రూసేడు సైన్యం అంతియొకయలో ముట్టడిలో చిక్కి ఆకలితో అల్లాడుతుంటే, పీటర్ బార్తొలొమ్యూ అనే యాత్రికుడు తనకు దర్శనం వచ్చిందనీ, ఆ ఈటె చర్చి నేల కింద ఉందనీ అన్నాడు. తవ్వారు, ఇనుప ముక్క దొరికింది. సైన్యానికి పూనకం వచ్చి బయటికి దూకి గెలిచింది. మరుసటి ఏడు ఆ దర్శనం నిజమో కాదో తేల్చమని జనం పట్టుబడితే అతను నిప్పుల మధ్య నడిచి, కొద్ది రోజుల్లో చనిపోయాడు. పరీక్ష ఫలితం తేలింది కానీ దండయాత్ర ఆగలేదు. అదే 1099లో ఆ సైన్యం జెరూసలెం చేరి ముస్లిములను, యూదులను ఊచకోత కోసింది. ఒకడి బాధ చూసి పుట్టిందని చెప్పే విశ్వాసం ఎందరి బాధను చూడలేకపోయిందో గమనించండి.

పక్కన ఇద్దరున్నారు

ఇప్పుడు అసలు ప్రశ్న. బాధను చూడటం వల్లే శతాధిపతి గుండె కరిగిందని అంటారు కదా, ఆ రోజు అక్కడ మూడు సిలువలు ఉన్నాయి. మిగతా ఇద్దరిదీ అదే మేకు, అదే ఎండ, అదే దాహం. వాళ్లిద్దరూ ఇంకా బతికే ఉన్నారు. యోహాను ప్రకారం తర్వాత సైనికులు వచ్చి ఆ ఇద్దరి కాళ్లు విరగ్గొట్టారు. వాళ్లను చూసి శతాధిపతి ఏమన్నాడు? ఏమీ అనలేదు. బాధే విశ్వాసాన్ని మేల్కొలిపితే మూడింతలు మేల్కొలపాలి. బాధ ఎవరిదన్నదే లెక్కయితే, అది బాధ చేసిన పని కాదు. ముందే మనసులో ఉన్న నమ్మకం బాధను సాకుగా తీసుకుంది.

రెండోది. ఈ శతాధిపతి దారిన పోయే ప్రేక్షకుడు కాదు. ఆ శిక్షను అమలు చేసిన అధికారి. మేకులు కొట్టించింది ఆయన మనుషులే. మనం ఎవరి పశ్చాత్తాపాన్ని మెచ్చుకుంటున్నాం? తలారి పశ్చాత్తాపాన్ని. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కూడా కాదు ఇది, ఇక్కడ కాలినవి ఎదుటివాడి చేతులు.

ప్రసంగాల్లో ఎప్పుడూ వినబడని వచనం ఒకటుంది. మార్కు అదే అధ్యాయంలో, కొన్ని వాక్యాల తర్వాత, పిలాతు ఆ శతాధిపతిని పిలిపించి, చనిపోయాడా అని అడుగుతాడు. శతాధిపతి అవునని ధ్రువీకరిస్తాడు. పిలాతు శవాన్ని అప్పగించమంటాడు. మార్కులో శతాధిపతి కనబడే చివరి చోటు అదే. దేవుని కుమారుణ్ణి చంపానని గుర్తించిన మనిషి ఆ సాయంత్రం ఏం చేశాడు? పై అధికారికి రిపోర్టు ఇచ్చాడు. కత్తి పారేయలేదు, తీర్పు తప్పని పిలాతు ముఖం మీద అనలేదు. ఉద్యోగం యథాతథం. ఇలాంటి విశ్వాసం రాజ్యానికి ఎంత సుఖమో చూడండి. చంపినవాడికి మనశ్శాంతి, చచ్చినవాడికి దైవత్వం, తీర్పు ఇచ్చినవాడికి ఏ చిక్కూ లేదు.

కురేనీయుడైన సీమోను సంగతీ అంతే. పొలం నుంచి వస్తుంటే సైనికులు పట్టుకుని సిలువ మోయించారు. మన భాషలో దానికి పేరుంది: వెట్టి. మన్యంలో రోడ్ల పని కోసం చేయించిన వెట్టి 1922 నాటి అల్లూరి పితూరీకి ఒక కారణం. బస్తర్‌లో 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటుకూ వెట్టి ఒక కారణం. ఆదివాసుల తాతలు వెట్టిని వెట్టి అన్నారు. మన ప్రసంగీకులు సీమోను చేసిన వెట్టిని "ధన్యత" అంటున్నారు. ఎవరికి కళ్లు తెరుచుకున్నాయి?

సిలువలు వేలల్లో

క్రీస్తుపూర్వం 71లో స్పార్టకస్ తిరుగుబాటును అణచిన తర్వాత, కాపువా నుంచి రోము దాకా రోడ్డు పొడవునా 6,000 మంది బానిసలను సిలువ వేశారు. ఆ దారిన వెళ్లిన ఏ శతాధిపతికీ విశ్వాసం కలిగినట్టు చరిత్రలో లేదు. క్రీస్తుశకం 70లో జెరూసలెం ముట్టడిలో టైటస్ సైన్యం రోజుకు 500 మందిని, కొన్ని రోజుల్లో అంతకన్నా ఎక్కువ మందిని సిలువ వేసిందనీ, సిలువలకు చోటు చాలలేదనీ, శరీరాలకు సిలువలు చాలలేదనీ జోసీఫస్ రాశాడు. మార్కు సువార్త కూడా సుమారు ఆ రోజుల్లోనే పుట్టిందని పండితులు అంటారు. ఒక్క సిలువ దగ్గర ఒక్క సైనికుడికి కలిగిన విశ్వాసం గురించి మనకు తెలుసు. వేల సిలువల దగ్గర వేల సైనికులకు ఏమీ కలగలేదన్నదీ మనకు తెలుసు. ఏది సాధారణం, ఏది కథ?

ఆ జోసీఫస్ తన ఆత్మకథలో ఇంకొక సంగతి రాశాడు. ఒక ఊరి నుంచి తిరిగి వస్తూ సిలువల మీద ముగ్గురు పరిచయస్థుల్ని చూశాడు. కన్నీళ్లతో టైటస్ దగ్గరికి వెళ్లి అడిగాడు. టైటస్ వాళ్లను దింపి వైద్యం చేయించమన్నాడు. ఇద్దరు వైద్యుడి చేతుల్లోనే చనిపోయారు. ఒకడు బతికాడు. జోసీఫస్ మహానుభావుడేమీ కాదు. సొంత జనాన్ని వదిలి శత్రువు పంచన చేరాడని ఆయన మీద నింద ఉంది. అయినా బాధను చూసి ఆయన చేసిన పని చూడండి: పేరుపేరునా గుర్తుపట్టాడు, అధికారం ఉన్నవాణ్ణి అడిగాడు, దింపించాడు, వైద్యుణ్ణి పెట్టించాడు. ముగ్గురిలో ఒక్కడే దక్కాడు. మహిమ లేదు, విగ్రహం లేదు, పండగ లేదు. నేను ప్రసంగీకుణ్ణయితే గుడ్ ఫ్రైడే నాడు ఈ కథ చెబుతాను.

ఇది ఒక్క క్రైస్తవానికే అంటుకున్న జబ్బు అనుకోవద్దు. కళింగ యుద్ధంలో లక్ష మంది చనిపోయారనీ, లక్షన్నర మందిని చెరపట్టి తరలించామనీ, దానికి చింతిస్తున్నాననీ అశోకుడు తన 13వ శాసనంలో చెక్కించాడు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఆ శాసనం ఉంది. ఎక్కడ లేదో తెలుసా? కళింగలో. ధౌలిలోనూ, జౌగడలోనూ ఆ శాసనాన్నీ, దాని ముందున్న రెండిటినీ మానేసి వేరేవి చెక్కించారు. కళింగను కళింగులకు తిరిగి ఇవ్వనూ లేదు. బాధ చూసి ధర్మం పుట్టింది సరే, ఆక్రమించిన రాజ్యం మాత్రం చేతిలోనే ఉంది. శతాధిపతి పిలాతుకు రిపోర్టు ఇచ్చినట్టే.

రెండు సాక్ష్యాలు

తిరిగి కొంటాకు వద్దాం. ప్రసంగం అయ్యాక పాస్టర్ గారితో మాట్లాడాను. మంచి మనిషి. నాకన్నా చిన్నవాడు. నన్ను "మాస్టారూ" అంటాడు.

"మాస్టారూ, మీరు వాదిస్తారు గానీ, నేను కళ్లారా చూశాను. మా సంఘంలో ఒక పిల్లకి జ్వరం తలకెక్కి మాట పడిపోయింది. ప్రార్థన చేశాం. లేచి కూర్చుంది. మొన్న సాక్ష్యం కూడా చెప్పింది."

"ఎక్కడ చేశారు ప్రార్థన, బాబూ?"

"భద్రాచలం ఆస్పత్రిలో. నేనే బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను."

"మరి సూది మందు ఇచ్చారా?"

"ఇచ్చారు. మలేరియా అన్నారు. సెలైన్‌లు కూడా పెట్టారు."

"పిల్ల సాక్ష్యంలో ఆ సూది మందు పేరు వచ్చిందా? మీ బండి సంగతి వచ్చిందా?"

ఆయన నవ్వాడు. "మందులోనూ దేవుడే పని చేస్తాడు మాస్టారూ" అన్నాడు.

ఆ రాత్రి అడవి దారిన ఒక పిల్లను బండి మీద మోసుకెళ్లిన ఈ మనిషి మీద నాకు గౌరవం ఉంది. ఆయన తన పనిని తానే దాచేసి, ఇంకెవరికో కట్టబెట్టడం మీదే నా అభ్యంతరం. దోమలో మలేరియా క్రిమి ఉంటుందన్న సంగతి 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి చూపించాడు. ముదిరిన మలేరియాకు ఈరోజు ఇచ్చే ఆర్టిసునేట్ మందు చైనాలో తు యూయూ బృందం 1970లలో ఒక మొక్క నుంచి తీసిన పదార్థం మీద తయారైంది. ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. మందులో దేవుడు పనిచేస్తే, ఆ మందు అందని ఊళ్లో ఎందుకు పనిచేయడు? ఈ ప్రశ్న అడిగితేనే కదా, మా ఊళ్లో ఆ మందు ఎందుకు లేదని ఆ పిల్ల తల్లి సర్కారును అడిగేది! సాక్ష్యంలో నుంచి మందును తీసేస్తే, మందు కోసం కొట్లాడే నోరు కూడా పోతుంది.

తెలుగులో "సాక్ష్యం" అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. చర్చిలో సాక్ష్యం, కోర్టులో సాక్ష్యం. చర్చిలో సాక్ష్యానికి ఎదురు ప్రశ్న ఉండదు, ఆమెన్ ఉంటుంది. కోర్టులో సాక్ష్యానికి ఎదురు ప్రశ్న ఉంటుంది, అందుకే దానికి విలువ. కొంటాకు కొరవడింది రెండో రకం.

ఒకే తాలూకాలో రెండు ఊళ్లు

బాధ చూస్తే మనసు ఏం చేస్తుంది? వెంటనే ఒక కర్తను వెతుకుతుంది. ఎవరో చేశారు, ఎవరో చూస్తున్నారు, ఎవరో పంపారు. శతాధిపతి కథలో ఆ కర్త దేవుడు. కానీ ఆ వెతుకులాట ఎప్పుడూ దేవుడి దగ్గరే ఆగుతుందన్న హామీ లేదు.

2024 సెప్టెంబరులో కొంటా ప్రాంతంలోనే ఏట్‌కల్ అనే ఊళ్లో ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురిని చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో కొట్టి చంపారు. వారిలో ముగ్గురు ఆడవాళ్లు. ఛత్తీస్‌గఢ్‌లో టోనహీ వేధింపుల నివారణ చట్టం 2005 నుంచే ఉంది. చట్టం కాగితం మీద ఉంది, అనుమానం గుండెలో ఉంది. ఆ ఊరి జనం రాక్షసులు కారు. చుట్టూ జబ్బులూ చావులూ చూశారు. చూసింది వాళ్లలో ఒక నమ్మకాన్ని మేల్కొలిపింది. శతాధిపతి మనసు వేసిన అడుగే వాళ్ల మనసూ వేసింది: కళ్ల ముందు బాధ ఉంది, కాబట్టి కళ్లకు కనబడని శక్తి ఉంది. అక్కడ ఆ శక్తిని పూజించారు, ఇక్కడ ఆ శక్తిని కొట్టి చంపారు. అడుగు ఒక్కటే.

ఇప్పుడు అదే కొంటా బ్లాకులో రేగడగట్ట అనే మరో ఊరు చూడండి. అక్కడా జనం చనిపోయారు. కాళ్లు చేతులు వాచి చనిపోతున్నారని చెప్పారు. 2022లో ఆ ఊరివాళ్లు చేసిన పని ఏమిటంటే, లెక్క పెట్టారు. 2020 నుంచి 61 మంది పోయారని జిల్లా అధికారులకు అర్జీ పెట్టారు. అధికారులు తమ లెక్క 47 అన్నారు, అందరివీ ఒకే కారణంతో పోయిన ప్రాణాలు కావన్నారు. వైద్య బృందం వచ్చింది, రక్తం తీశారు, నీళ్లను పరీక్షకు పంపారు. 61కీ 47కీ మధ్య తేడా ఉంది, దాని మీద వాదించుకోవచ్చు. వాదించుకోవడానికి ఒక అంకె ఉంది. ఏట్‌కల్‌లో వాదించడానికి ఏమీ మిగల్లేదు, ఐదు శవాలు తప్ప.

రేగడగట్ట జనం హేతువాద సంఘం సభ్యులు కారు. వాళ్లలో చాలామందికి అక్షరం రాకపోవచ్చు. అయినా వాళ్లు చేసింది హేతువాదమే. బాధను చూసి, ఎంతమంది, ఎప్పటి నుంచి, ఏ లక్షణాలతో అని అడిగారు. ఒకే అడవి, ఒకే పేదరికం, దాదాపు ఒకే దేవతలు. తేడా ఆ ప్రశ్నల్లో ఉంది.

లూకా మాట చాలు

కొంటా చూసిన బాధలో జబ్బు ఒక పాలు, మనుషులు చేసింది ఇంకొక పాలు. 2005లో సల్వా జుడుం మొదలైంది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలాది మంది సరిహద్దు దాటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చి గుత్తికోయలయ్యారు. 2006 జులైలో ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు దాడిచేసి 30 మందికి పైగా చంపారు. చచ్చినవాళ్లూ ఆదివాసులే. 2011 మార్చిలో తాడిమెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం ఊళ్లలో ఇళ్లు తగలబడ్డాయి. ఆ జులైలో సుప్రీంకోర్టు ఆదివాసీ యువకుల్ని ప్రత్యేక పోలీసులుగా వాడడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్‌లో 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లను మావోయిస్టులు చంపారు. ఆ కేసులో పట్టుకెళ్లిన ఆదివాసుల్లో 121 మంది 2022 జులైలో నిర్దోషులుగా బయటికి వచ్చారు. ఐదేళ్లు లోపల ఉన్నాక.

ఈ జాబితా ముందు ఎవరైనా మోకరిల్లి, ఇదంతా దైవసంకల్పమనీ, శ్రమలో మహిమ ఉందనీ అంటే నాకు కోపం వస్తుంది. తుపాకి పట్టిన రెండు పక్షాలకూ ఆ మాట సుఖంగా ఉంటుంది. ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. బాధపడ్డవాణ్ణి పవిత్రుణ్ణి చేస్తే, బాధపెట్టినవాడి పేరు కథలోంచి జారిపోతుంది.

అందుకే నాలుగు సువార్తల్లో నాకు నచ్చిన శతాధిపతి లూకా శతాధిపతి. ఆయన దైవత్వం జోలికి పోలేదు. ఈ మనిషి నిర్దోషి అన్నాడు. పరీక్షించదగిన మాట అది. నిర్దోషి అయితే శిక్ష తప్పు, శిక్ష తప్పయితే వేసినవాడు ఎవరు, అమలు చేసినవాడు ఎవరు అన్న ప్రశ్నలు వరసగా వస్తాయి. ఆయన ఆ ప్రశ్నల దాకా వెళ్లలేదు, నిజమే. కానీ తలుపు అక్కడే ఉంది. ఆ 121 మందికి కావలసింది ఐదేళ్ల ముందే ఆ ఒక్క మాట అనే సాక్షి. వాళ్లను ఎవరూ దేవుని కుమారులు అననక్కర్లేదు.

కర్ర మరొకరి చేతికివ్వను

ఇంత చదివి, క్రైస్తవుల మీద భలే రాశాడు అని చంకలు గుద్దుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఒక మాట. బస్తర్‌లో ఇప్పుడు ఒక మతంవాళ్లు చనిపోతే సొంత ఊళ్లో పూడ్చనివ్వడం లేదు. 2025 జనవరిలో ఛిందవాడ అనే ఊళ్లో ఒక పాస్టర్ చనిపోతే, కొడుకు తన ఊళ్లో మట్టి చేసుకుంటానని హైకోర్టుకు, తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. ఇరవై రోజులు శవం మార్చురీలో ఉంది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు భిన్నమైన తీర్పులు రాశారు. సొంత భూమిలో పూడ్చుకోనివ్వాలని జస్టిస్ నాగరత్న అన్నారు, కేటాయించిన శ్మశానంలోనే పూడ్చాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. చివరికి ఇరవై కిలోమీటర్ల పైన దూరంలో కర్కపాల్‌లో పూడ్చమన్నారు.

నేను విశ్వాసాన్ని ప్రశ్నిస్తాను. విశ్వాసి శవాన్ని అడ్డుకునేవాణ్ణి నేరస్థుడంటాను. ఈ రెండిటికీ మధ్య వైరుధ్యం లేదు. అబ్రహాం కోవూర్ పాస్టర్ ఇంట పుట్టి జీవితమంతా మహిమలకు సవాలు విసిరాడు. ఆయన సవాలు బాబాలకూ పాస్టర్లకూ ఒక్కటే. ఎవరి మీదా జనాన్ని ఉసిగొల్పలేదు. ఆ పాస్టర్ కుటుంబం మార్చురీ బయట ఇరవై రోజులు గడిపిన బాధను చూసి మనకు ఏం మేల్కోవాలి? వాళ్ల మతం మీద నమ్మకమూ అక్కర్లేదు, ద్వేషమూ అక్కర్లేదు. ఆ చట్టం ఏమిటి, ఆ ఊరి తీర్మానం ఎవరు చేశారు, ఎవరు అడ్డుకున్నారు అని అడగడం చాలు.

బాధను చూసినప్పుడు కళ్లు చెమర్చడం మనిషి లక్షణం. ఆ తడి ఆరేలోగా ఏదో ఒకటి నమ్మించడానికి పాస్టరో, భూతవైద్యుడో, పార్టీ కార్యకర్తో పక్కన నిలబడి ఉంటాడు. ఆ క్షణంలో నమ్మడం తేలిక, అడగడం కష్టం. కొంటాలో ఇప్పటికీ జ్వరాలు వస్తాయి, కేసులు నడుస్తాయి, శవాలు పూడ్చే చోటు కోసం తగాదాలు జరుగుతాయి. శతాధిపతులు అక్కడ కావలసినంతమంది వచ్చిపోయారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది చూశారు, నిట్టూర్చారు, రిపోర్టు రాసి వెళ్లారు. ఇక రావలసింది లెక్క పెట్టేవాడు, పేర్లు రాసుకునేవాడు, మందు తెచ్చేవాడు, ఎదురు ప్రశ్నకు నిలబడి సాక్ష్యం చెప్పేవాడు. ఆయన ఏ దేవుణ్ణి నమ్మినా, ఎవర్నీ నమ్మకపోయినా నాకు అభ్యంతరం లేదు.